మోకాలి కీలు

బుడగలు వస్తున్నాయి. సన్నగా, తెల్లగా, ఇనుము ఒళ్ళంతా పట్టుకుని, ఒక్కొక్కటే వదులుకుని పైకి తేలుతున్నాయి. అంటే తీగలు సరిగ్గానే తగిలించానన్నమాట. అయినా వంగి మళ్ళీ చూసుకున్నాను. నల్ల క్లిప్పు నేత్ర కాలికి కట్టుకున్న క్యాలిపర్‌కు, ఎర్ర క్లిప్పు బకెట్టు అంచున నిలబెట్టిన కంబి ముక్కలకు. ఇవి రెండూ తారుమారైతే తుప్పు పోవడం అటుంచి అసలు ఇనుమే కరిగి నీళ్ళపాలవుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఫ్యాక్టరీ టూల్‌రూములో పనిచేసినవాడికి నలుపేదో ఎరుపేదో తెలియదా అంటే తెలుసు, కానీ ఈ పది రోజులుగా నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నాను. బకెట్టు ప్లాస్టిక్‌ది, నీళ్ళు ఇరవై లీటర్లు, బట్టలుతికే సోడా గుప్పెడున్నర, పాత బ్యాటరీ ఛార్జరు పన్నెండు వోల్టులు. కంబి ముక్కలు ఈ మేడ మీదివే. ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల నెత్తిన వదిలిన కంబులు ఇరవై ఏళ్ళుగా ఎండకూ వానకూ అట్లాగే నిలబడి ఉన్నాయి. ఇక వేసేదీ లేదు కట్టేదీ లేదు, నాలుగు ముక్కలు కోసుకున్నాను. క్యాలిపర్ మీది తుప్పు వదిలేకొద్దీ వాటికి తుప్పు పడుతోంది. నీళ్ళ మీద గోధుమరంగు నురుగు మందంగా తేలింది. పొద్దున పదకొండింటికి వేసింది, ఇప్పుడు నాలుగు దాటింది. ఐదింటికి తీస్తాను. రేపు పదకొండో రోజు.

నేత్ర అంటే నేత్రావతి, నా చెల్లెలు. నాకంటే ఐదేళ్ళు చిన్న. రెండేళ్ళ పిల్లప్పుడు వారం రోజులు జ్వరం వచ్చి, జ్వరం పోతూ పోతూ కుడికాలిని తీసుకుపోయింది. కాలు ఉంది, బలం లేదు. అందుకే ఈ ఇనుము. తొడ నుంచి మడమ దాకా అటొక పట్టీ ఇటొక పట్టీ, కింద బూటు, పైన తోలు బెల్టు, నడుమ మోకాలి దగ్గర కీలు. ఆ కీలు మీద పట్టీకొకటి రింగు ఉంటుంది. కాలు చాచి రింగును చేత్తో కిందికి దించితే అది కీలును బిగించేస్తుంది, ఇక కాలు కర్రలాగా నిలబడుతుంది. కూర్చోవాలంటే రింగు పైకి లాగి కాలు మడవాలి. ఇంతే యంత్రం. ఇంత చిన్న యంత్రం మీద ఒక మనిషి యాభై ఏళ్ళు నడిచింది. రింగు పడితే ఠక్ అని చప్పుడొస్తుంది. కబ్బన్‌పేట సందులో మా నాయన గంగప్ప మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ ఉంటే, మగ్గం చప్పుడులో కూడా ఆ ఠక్ ఆయనకు వినబడేది, “లేచినాదిరా నా కూతురు” అనేవాడు. ఏడేళ్ళప్పుడు మొదటి క్యాలిపర్ వేయించడానికి ఆయనే భుజాన వేసుకుని వెళ్ళాడు, తిరిగి వచ్చేటప్పుడు నడిపించుకు రావాలని పట్టుబట్టాడు, బస్టాండు నుంచి ఇంటికి పది నిమిషాల దారి గంటన్నర పట్టింది. ఆ తర్వాత ఆమె పెరిగేకొద్దీ ఇనుమూ పెరిగింది. ముప్పై నిండాక వేయించినదే ఈ చివరిది. ఎన్నో బూట్లు మార్చాం, తోలు మార్చాం, ఇనుము ఇదే.

నాలుగున్నర. ఛార్జరు సన్నగా రొద పెడుతోంది. కింద అద్దెపిల్లలుండే పీజీ వంటింట్లో కుక్కర్ కూసింది, మడివాళ మార్కెట్టు వైపునుంచి బస్సుల హారన్లు. నిన్న కర్మ చేయించే ఐవారు ఫోను చేసి రేపటి దానాల పట్టీ చదివారు. గొడుగు, చెంబు, పంచె బదులు చీర, చాప, చెప్పులు ఒక జత. చెప్పులు ఎందుకని అడిగాను, తెలియక కాదు. “దారి దూరం కదప్పా, ఎండా ముండ్లూ ఉంటాయి. చెప్పులిస్తే కాలికి సుఖం” అన్నారాయన. నేత్ర జన్మలో చెప్పులు వేసుకోలేదు. ఎడమ పాదం ఆరో నంబరు, కుడి పాదం మూడో నంబరు, రెండూ బూట్లే, కుడిది ఇనుముకు బిగించినది. చెప్పులిచ్చి పంపితే ఆ దారి మొదట్లోనే కూలబడిపోతుంది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ మింగి, “మా చెల్లెలు చెప్పులేసుకుని నడిచే మనిషి కాదు ఐవారూ, క్యాలిపర్ ఇయ్యొచ్చా?” అన్నాను. ఆయన, “లోహదానం ఉండనే ఉండాది కదా, ఇనుము ఇయ్యాల్సిందే, దాంట్లో పెడదాం. అయితే ఒకటి, పనికొచ్చే వస్తువై ఉండాల. తుప్పు పట్టింది దానమియ్యకూడదు” అన్నారు. ఆ మాట మీదే నిన్న సాయంత్రం స్టూలు వేసుకుని బాత్రూము అటక ఎక్కాను. నాలుగేళ్ళ కిందట క్యాలిపర్ దూర్చిపెట్టిన గోనెసంచి దించాను. అటక మీది నీళ్ళ పైపు ఎప్పటినుంచో కారుతున్నట్టుంది, సంచి అడుగు నాని చివికింది. విప్పితే ఇనుము కనబడలేదు, ఉత్త తుప్పు, పొరలు పొరలుగా, రింగు ఏదో పట్టీ ఏదో తెలియకుండా మోకాలి దగ్గర ఒకటే ముద్ద.

దానం నెపమే. నాకు కావలసింది ఆ ముద్ద కింద ఏముందో చూడటం. నాలుగేళ్ళ కిందట, ఆషాఢం వానల్లో, నేత్ర ఒకరోజు “అన్నా, మోకాలి కింద ఏదో కదులుతాండాది చూడు” అంది. చూస్తే బయటి పట్టీ, కీలుకు సరిగ్గా కింద, సన్నగా చీలి ఉంది. పాతికేళ్ళ ఇనుము, అలసిపోదా. కొత్తది చేయిద్దాం అనుకోవాలి ఎవడైనా. నేను అనుకోలేదు. టూల్‌రూములో మోహన్‌కుమార్ అంటే చందాపుర దాకా ఉన్న ఫ్యాక్టరీల్లో పేరు, విరిగిన డై అచ్చులు నా దగ్గరికే వచ్చేవి, నా సొంత చెల్లెలి కాలు ఇంకొకడి చేతికి ఇవ్వడమేమిటి అనిపించింది. శనివారం షిఫ్టు అయ్యాక, సూపర్‌వైజరు వెళ్ళేదాకా ఆగి, గ్యాస్ మంటలో పట్టీని కాచి, ఇత్తడి కడ్డీ కరిగించి చీలిక చుట్టూ అతికించాను. బాగా వచ్చింది. బంగారు గీతలాగా మెరిసింది. నేత్రకు తొడిగించి, రింగు దించి, “ఇంక నూరేండ్లకు ఢోకా లేదు” అన్నాను. ఆ తర్వాతి శుక్రవారమే బాత్రూములో పడింది. తుంటి ఎముక విరిగింది. నేను ఫ్యాక్టరీలో ఉన్నాను, నా భార్య అంబిక, పీజీ పిల్లలు కలిసి లేపి, బెల్టులు కోసి క్యాలిపర్ ఊడదీసి మూలకు పడేసి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. రాత్రి నేను ఇంటికి బట్టలకోసం వచ్చినప్పుడు బాత్రూములో లైటు కూడా వేయకుండా దాన్ని ఎత్తి గోనెసంచిలో దూర్చాను. దూర్చేటప్పుడు మోకాలి కింది భాగం చేతిలో వేలాడింది. రింగు దించకపోతే కీలు వేలాడుతుంది. విరిగినా వేలాడుతుంది. నేను చూడలేదు. సంచి మూతి బిగించి అటక మీదికి తోశాను.

మర్నాడు వార్డులో నేత్ర నా మొహం చూడగానే మొదట అన్న మాట అదే. “నేనే అన్నా. రింగు దించకనే లేచేస్తిని. సోపు జారిపోయిందని తొందరపడితిని. నువ్వు అతికించింది బాగానే ఉండాది.” నేను నమ్మలేదు. యాభై ఏళ్ళుగా రోజుకు నలభైసార్లు ఆ రింగు దించిన మనిషి, నిద్రలో కూడా దించగలిగే మనిషి, నేను చేయిపెట్టిన వారానికే మరిచిపోయిందా? నన్ను కాపాడటానికి చెబుతోంది అనుకున్నాను. ఆమెది అటువంటి మనసే, చిన్నప్పుడు నేను పలక పగలగొడితే తానే పగలగొట్టానని చెప్పేది, కుంటిపిల్లను నాయన కొట్టడని ఆమెకు తెలుసు. కాబట్టి నమ్మలేదు. మరి చూసి తేల్చుకోవచ్చు కదా. ఉద్యోగమంతా నా పని అదే. ఎవడేం చెప్పినా వినను, వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టు, కొలుస్తాను అనేవాణ్ణి, అంబిక దుకాణం నుంచి గుండీలు తెచ్చినా కొలిచేవాణ్ణని ఇంట్లో వెక్కిరించేవాళ్ళు. ఆ ఒక్క వస్తువును మాత్రం బల్ల మీద పెట్టలేదు. పగిలిన ఇత్తడి కళ్ళారా చూస్తే ఇక ఆ చెల్లెలి ఎదుట అన్నం తినలేననిపించింది.

నీళ్ళు కొంచెం వేడెక్కాయి. వేలు పెట్టబోయి ఆగి, స్విచ్ ఆపి పట్టీని పక్కకు తిప్పి మళ్ళీ వేశాను. కంబి ఎదురుగా ఉన్న వైపే బాగా వదులుతుంది, అందుకని గంటకోసారి తిప్పాలి. సాండ్‌పేపరుతో గీకితే అర్ధగంట పని కదా అని అంబిక పొద్దున అంది. గీకితే తుప్పుతోపాటు ఇనుమూ పోతుంది, ఇత్తడీ పోతుంది, చీలిక ఉంటే దాని అంచులు పూడుకుపోతాయి, చివరకు ఉందో లేదో ఎవరికీ తెలియదు. కరెంటు అట్లా కాదు, తుప్పును మాత్రం వదిలిస్తుంది, కింద ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుతుంది. ఆమెకు ఇదంతా చెప్పలేదు. చెప్పాలంటే డాక్టరు సంగతీ చెప్పాలి. ఎముక అతుక్కున్నాక మూడోనెల చూపించడానికి వెళ్ళినప్పుడు, నేత్రను బయట వీల్‌ఛెయిరులో ఉంచి, నేనొక్కణ్ణే లోపల ఎక్స్‌రే పట్టుకుని నిలబడితే, ఆ డాక్టరు కన్నడంలో మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు, ఇక నడిపించండి, కూర్చోబెట్టేస్తే అదే అలవాటవుతుంది, ఒళ్ళు పాడవుతుంది, క్యాలిపర్ మాత్రం ఎక్కడైనా ఒకసారి చెక్ చేయించండి అని. సరే సార్ అన్నాను. క్యాలిపర్లు చేసే చోటికి ఫోను కూడా చేశాను. “పాతది తెండి సార్, దాన్ని చూసే కొలత తీసుకుంటాం” అన్నాడు అక్కడి మనిషి. పాతది తీసుకుపోతే అతను దాన్ని తిప్పి చూస్తాడు. ఎవడు సార్ దీన్ని అతికించింది అంటాడు. చేతిపనివాడికి చేతిపనివాడి ఎదుట అంతకంటే అవమానం లేదు. అప్పుడు నాకు అవమానమే కనబడింది. ఇంటికి వచ్చి నేత్రతో, అంబికతో, ఇద్దరితోనూ ఒకే మాట చెప్పాను. డాక్టరు ఇక నడవొద్దన్నాడు, ఎముక తట్టుకోదన్నాడు అని. నేత్ర తల ఊపింది. ఆ సాయంత్రం మాత్రం అంబిక రెండుసార్లు పిలిచినా భోజనానికి రాలేదు.

నేత్ర పని చీరల కుచ్చులు కట్టడం. మడివాళలో సగం పెళ్ళిచీరల కొంగులకు ఆమె చేతి కుచ్చులే. పని గొప్పతనం వేళ్ళలో కాదు, రంగులో ఉందనేది. చీర కొంగు చేతిలో పట్టుకుని, ఠక్ ఠక్ అని మార్కెట్టులోకి నడిచి, దారాల దుకాణంలో గంటసేపు నిలబడి, వెలుగులోకి తెచ్చి చూసి, పది రీళ్ళలో ఒక్కటి ఎంచుకునేది. దుకాణం ముందు నాలుగు మెట్లు ఉన్నాయి, వీల్‌ఛెయిరు ఎక్కదు. తర్వాత తర్వాత అంబికే రీళ్ళు తెచ్చేది, ఎర్ర చీరకు ఎరుపే తెచ్చేది, నేత్ర దాన్ని పక్కన పెట్టుకుని చూసి, “బాగుండాది వదినా” అని కట్టేది. బాగుండేది కాదు. నాకే తెలిసేది, చీరలు ఇచ్చేవాళ్ళకు తెలియదా. ఒక్కొక్కరే మానుకున్నారు. నెలకో రెండు నెలలకో ఒకసారి, నేను పేపరు చదువుతుంటే, ఏదో గుర్తొచ్చినట్టు, “అన్నా, నా కాలు ఎత్తిపెట్టింది ఎక్కడ? ఒకసారి తీసియ్యవా, సుమ్నే, ఊరికే ఇంట్లోనే నాలుగడుగులు వేసి చూస్తాను” అనేది. తుప్పు పట్టిపోయిందమ్మా అనేవాణ్ణి. తుప్పుదేముంది, నువ్వు గీకితే పోదా అనేది. డాక్టరు వద్దన్నాడు కదా అనేవాణ్ణి, గొంతు కొంచెం పెంచి. అంతటితో ఆపేసేది. చివరి ఏడాది అడగటం మానేసింది. ఒకే చోట కూర్చుని కూర్చుని ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, మొదట జలుబనుకున్నాం, ఐదు రోజుల్లో అయిపోయింది. కదలనివాళ్ళకు ఇట్లా అవుతుంటుంది అన్నారు ఆస్పత్రిలో. మామూలుగానే అన్నారు, నన్ను అన్నది కాదు.

చిన్నప్పుడు స్కూలుకు పోయేటప్పుడు నేత్ర సంచి కూడా నేనే మోసేవాణ్ణి, అది నాయన పెట్టిన షరతు. సంచి మోసేవాణ్ణే గానీ పక్కన నడిచేవాణ్ణి కాదు, నా క్లాసు పిల్లలు చూస్తారని పది అడుగులు ముందు పోయేవాణ్ణి. వెనక్కి తిరిగి చూడనక్కరలేదు, ఇనుము చప్పుడు వినబడుతుంటే వస్తున్నట్టే. ఒకరోజు చప్పుడు ఆగింది. నేను ఆగాను, తిరగలేదు. ఎంతసేపో. మళ్ళీ వినబడింది, మళ్ళీ నడిచాను. ఇంటికి వచ్చాక చూస్తే మోచేతులు రెండూ గీసుకుపోయి ఉన్నాయి, ఎట్లా పడిందో, ఎట్లా లేచిందో, ఎవరు లేపారో నేను అడగలేదు, ఆమె అమ్మకు చెప్పనూ లేదు. అమ్మ భాగీరథమ్మ పసుపు అద్దుతూ నన్ను ఒక చూపు చూసింది. ఇప్పుడెందుకు గుర్తొస్తుంది ఇది. ఈ పది రోజులుగా ఇంట్లో వీల్‌ఛెయిరు మూలనే ఉంది, నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఠక్ అనే చప్పుడు లేదు, అది లేకపోవడం నాకు అలవాటైపోయింది కూడా. సిగ్గుగా ఉంది.

మెట్ల మీద చప్పుడయింది. పీజీలో రెండో అంతస్తులో ఉండే అనూష, ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చింది. హూడిలో ఏదో కంపెనీలో ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని. బకెట్టు చూసి ఆగింది.

“అంకుల్, ఏంటిది, సైన్స్ ప్రాజెక్ట్‌లాగా?”

“తుప్పు తీస్తాండానమ్మా.”

వంగి చూసింది. మొహంలో నవ్వు పోయింది. “ఇది ఆంటీది కదా. లెగ్‌కి వేసుకునేది.”

“నీకెట్లా తెలుసు? నువ్వు వచ్చి రెండేండ్లే కదా.”

“ఆంటీ చెప్పింది. లాస్ట్ ఇయర్ మీరు ఊళ్ళో లేనప్పుడు నన్ను అడిగింది అంకుల్, బాత్రూమ్ అటక మీద సంచిలో ఉంటుంది, తీసివ్వవా అని. నేను స్టూల్ కూడా ఎక్కాను. మళ్ళీ భయమేసింది, డాక్టర్ స్ట్రిక్ట్‌గా వద్దన్నారని అంబికా ఆంటీ చెప్పి ఉన్నారు. ఏమన్నా అయితే ఎట్లా అని దిగేశాను.”

“ఏమనింది?”

“పర్లేదు పాపా అంది.” అనూష ఒక బట్టల క్లిప్పు తీసి నోట్లో పెట్టుకుని, మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “ఇచ్చి ఉంటే బాగుండేదేమో అనిపిస్తోంది అంకుల్ ఇప్పుడు. ఒక్కసారి నిలబడేది కదా.”

నీ తప్పేం లేదమ్మా అనాలి. డాక్టరు అట్లా అనలేదు, ఆ మాట నాది, నువ్వు దిగింది నా అబద్ధానికి భయపడి అనాలి. నోరు తెరిచాను కూడా. “బట్టలు తీసుకో, మబ్బు పడుతాండాది” అన్నాను. ఆమె బట్టలు భుజాన వేసుకుని దిగిపోయింది, మెట్లు రెండేసి దూకుతూ. నేత్ర కింద వసారాలో కూర్చుని పీజీ పిల్లల అడుగుల చప్పుడు బట్టే ఎవరొస్తున్నారో చెప్పేది, అనూషను దూకుడుపిల్ల అనేది. స్టూలు ఎక్కిన పిల్ల దిగిపోతుంటే కింద కుర్చీలోంచి తలెత్తి చూసి పర్లేదు పాపా అన్నప్పుడు ఎట్లా ఉండి ఉంటుంది ఆమె మొహం. ఆ రోజు నేను ఎక్కడికి పోయానో గుర్తులేదు. ఏదో పెళ్ళికి అయి ఉంటుంది.

ఐదు. ముందు స్విచ్ ఆపి, తర్వాత క్లిప్పులు తీసి, క్యాలిపర్‌ను నీళ్ళలోంచి ఎత్తాను. నల్లటి బురద కారింది. పంపు కింద పట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దాను. తుప్పంతా మసిలాగా మారి రుద్దితే చాలు పోతోంది, కింద బూడిదరంగు ఇనుము, అక్కడక్కడా గుంటలు, అయినా గట్టి ఇనుము. మోకాలి దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. ఎదురుగా కాకుండా పక్కకు చూస్తూ రుద్దాను, అట్లా ఎంతసేపు. తర్వాత గుడ్డతో తుడిచి, కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం పట్టి చూశాను. ఇత్తడి గీత ఉంది. మసకబారింది గానీ ఉంది. చుట్టూ తిప్పి చూశాను, ఎక్కడా తెగినట్టు లేదు. కంటికి కనబడనంత సన్నటి చీలికలు ఉంటాయి, టూల్‌రూములో వాటికి ఒక పరీక్ష ఉంది. కిరసనాయిలు పూసి, నాననిచ్చి, పొడిగా తుడిచి, మీద సుద్దపొడి అద్దాలి. చీలిక ఉంటే లోపల దూరిన కిరసనాయిలు పైకి ఊరి తెల్లటి పొడి మీద గీత గీస్తుంది. సీసా అడుగున కిరసనాయిలు ఉంది. సుద్ద లేదు. కిందికి పోయి ముగ్గుడబ్బా తెచ్చాను, పది రోజులుగా వాకిట్లో ముగ్గు లేదు కాబట్టి నిండుగానే ఉంది. పూశాను, పావుగంట ఆగాను, తుడిచాను, ముగ్గుపిండి అద్దాను. చూస్తూ కూర్చున్నాను. తెల్లగా ఉంది. ఇంకో ఐదు నిమిషాలు. తెల్లగానే ఉంది. ఎక్కడా గీత లేదు.

ముందు వచ్చింది సంతోషమే, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. నా అతుకు నిలిచింది. నా చేతిపని నిలిచింది, నా వల్ల పడలేదు. గుండెల మీదినుంచి ఏదో దిగినట్టు గాలి పీల్చాను. మిషను నూనె రెండు చుక్కలు వేసి రింగులను వేలితో కదిపాను, మొదట కదల్లేదు, ఇంకో చుక్క వేసి చిన్న సుత్తితో మెల్లగా తట్టాను, కదిలాయి. పట్టీలను నిటారుగా చాచి నిలబెట్టాను. రింగులు రెండూ వేలు తగలగానే జారి కీలు మీద పడ్డాయి. ఠక్. మీద అరచేయి పెట్టి నొక్కాను, రెండు చేతులతో నొక్కాను, ఒళ్ళు బరువంతా వేసి నొక్కాను, నాది డెబ్బై కిలోలు, నేత్రది నలభై కూడా ఉండదు. వంగలేదు. అప్పుడు అర్థమయింది. ఆమె నిజమే చెప్పింది. సోపు జారింది, తొందరపడింది, రింగు దించలేదు. ఆ ఒక్కరోజు మరిచిపోయింది, ఎవరైనా మరిచిపోయినట్టే. నన్ను కాపాడటానికి చెప్పిన మాట కాదు, జరిగింది చెప్పింది. నమ్మి ఉంటే, ఒక్కసారి సంచి విప్పి చూసి ఉంటే, మూడోనెలలో తొడిగి లేపి ఉండేవాణ్ణి. క్యాలిపర్ పక్కనే నేల మీద కూర్చుండిపోయాను.

అంబిక మెట్లెక్కి వచ్చింది, చేతిలో ఫోను. “అయిందా? ఐవారు ఫోను చేసినారు. ఇచ్చేది పనికొచ్చేదే కదా అని అడుగుతుండారు.”

“పనికొస్తాది.”

“మరి ఆ మొహమేంది అట్ల?”

“డాక్టరు వద్దనలేదు అంబికా.”

“ఏ డాక్టరు?”

“నేత్ర కాలు చూసిన డాక్టరు. నడిపించమనే చెప్పినాడు. వద్దనింది నేను. నా అతుకు విరిగే పడిందనుకుంటిని. విరగలేదు. అది చెప్పిందే నిజం.”

అంబిక వంగి క్యాలిపర్‌ను రెండు చేతులతో ఎత్తింది. తడి ఇంకా ఉంది, నూనె చీరకు అంటుకుంది, చూసుకోలేదు. రింగు పైకి లాగింది, కీలు మడిచింది, మళ్ళీ చాచింది. వేలితో నెడితే రింగు పడింది. ఫోను మోగుతోంది, ఐవారే అయి ఉంటారు, ఇద్దరమూ తీయలేదు.

“అయితే నాలుగేండ్లూ నడిచుండేది కదా,” అంది.

“నడిచుండేది,” అన్నాను.